చెత్తకు ఇంకెన్ని ఎకరాలు?

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు మన పెద్దలు. నగరాన్ని గురించి కూడా అటువంటి మాట ఒకటి చెప్పవలసి వస్తే, చెత్తదిబ్బను చూసి నగరాన్ని చూడమని మేము చెబుతాము. విశాలమైన వీథులు, ఆకాశాన్నంటే మేడలు, దీపకాంతులతో వెలిగే వంతెనలు అతిథులకు చూపించుకొనేందుకు ఉన్నవి. ఊరవతల పేరుకొనిపోయిన చెత్తగుట్ట మాత్రం మనం ఎవరికీ చూపించదలచుకోనిది. హైదరాబాదు నగరం అలా చూపించదలచుకోని చోటు పేరు జవహర్‌నగర్.

జనాభా పెరుగుతున్నది, జనాభాతో పాటు చెత్త పెరుగుతున్నది, కాబట్టి చెత్త వేసే స్థలాన్ని కూడా పెంచాలి అన్న వాదం నేడు తరచుగా వినవస్తున్నది. వినడానికి ఇది లెక్కల పుస్తకంలోని సూత్రం వలె సరళంగానే ఉన్నది. కానీ ఈ సూత్రంలో ఒక ముఖ్యమైన అంశం లోపించినదని మా అభిప్రాయం. చెత్తదిబ్బ పెరగడానికి కారణం మనుషుల సంఖ్య ఒక్కటే కాదు. వేరువేరుగా ఉండవలసిన వస్తువులను మనం మన ఇంటిలోనే కలిపివేయడం అంతకన్న పెద్ద కారణం. ఈ కలిపివేయుట ఆగనంత వరకు ఎన్ని ఎకరాలు ఇచ్చినా చాలవు. ఇది ఆగినట్లయితే ఉన్న ఎకరాలే చాలాకాలం సరిపోతవి. ఈ విషయమే ఈ వ్యాసంలో విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పాలక సంఘం వారి ముందు ఉంచదలచినాము.

మొదట నగర పరిస్థితిని పరిశీలిద్దాం. జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు మహానగర ప్రాంతంలో 1991లో సుమారు 43 లక్షల మంది, 2001లో సుమారు 57 లక్షల మంది, 2011లో సుమారు 77 లక్షల మంది ఉన్నారు. ఆ తరువాత నగరం ఎంత వేగంగా విస్తరించినదో కళ్లారా చూస్తున్నవారికి వేరుగా చెప్పనక్కర లేదు. 2007లో చుట్టుపట్ల గల 12 మునిసిపాలిటీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ ఏర్పడినది. ఈ మహానగరం నుండి రోజుకు 7,000 టన్నులకు పైగా చెత్త బయలుదేరుతున్నది.

ఒకప్పుడు నగరపు చెత్త ఆటోనగర్ వంటి చోట్ల పడుతూ ఉండేది. నాడు అది ఊరి వెలుపలి ప్రదేశమే. కాలక్రమాన నగరం అక్కడికి నడిచి వెళ్లింది, కాలనీలు వెలిసినవి, చెత్తదిబ్బకు అక్కడ చోటు లేకపోయింది. 2000 దశకంలో ఉత్తర దిక్కున ఉన్న జవహర్‌నగర్ ప్రధానమైన డంపింగ్ యార్డు అయినది. దాని విస్తీర్ణం మూడు వందల ఎకరాలకు పైమాటే. కానీ అక్కడ కూడా చరిత్ర పునరావృతమైనది. నేడు జవహర్‌నగర్, దమ్మాయిగూడ పరిసరాలలో వేలాది కుటుంబాలు నివసిస్తున్నవి. వారిలో ఎక్కువమంది శ్రామికులు, చిరుద్యోగులు. నగరం నడిబొడ్డున ఇల్లు కొనగలిగే స్తోమత లేనివారు. చెత్తదిబ్బ ఎంత దూరం పోయినా నగరం దానిని వెంబడిస్తూనే ఉంటుందని, చివరకు దాని పక్కన మిగిలేది పేదవాడేనని ఈ రెండు అనుభవాలు మనకు బోధిస్తున్నవి.

ఇన్నేళ్లలో అక్కడ ఏ పనీ జరగలేదనుట న్యాయం కాదు. ఏళ్ల తరబడి పోగుపడిన సుమారు 120 లక్షల టన్నుల పాత చెత్తగుట్టను మట్టితోను, ప్లాస్టిక్ పొరలతోను కప్పివేశారు. 2020లో చెత్తను మండించి విద్యుత్తు ఉత్పత్తి చేసే 19.8 మెగావాట్ల కేంద్రం అక్కడ ప్రారంభమైనది. తరువాత దాని సామర్థ్యాన్ని పెంచారు. గుట్ట నుండి మల్కారం చెరువులోకి చేరిన మురుగు ఊటను శుద్ధి చేసే కేంద్రం 2023లో ప్రారంభమైనది. ఇవి ఖర్చుతో కూడిన పనులు, చేయవలసిన పనులు. అయితే ఇవన్నీ జబ్బు ముదిరిన తరువాత చేసే చికిత్సలే గాని, జబ్బు రాకుండా తీసుకొనే జాగ్రత్తలు కావు. కప్పిన గుట్ట నిజానికి నివురు గప్పిన నిప్పు వంటిది. పైన పచ్చగడ్డి మొలిచినా లోపల మురుగుట ఆగదు. దశాబ్దాల పాటు కాపలా తప్పదు.

ఈ మురుగుట ఏ విధంగా జరుగుతుందో విద్యార్థులు తెలుసుకొనుట అవసరం. మన దేశపు నగరాలలో చెత్తలో రమారమి సగభాగం తడి పదార్థమే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పండ్ల పిప్పి, వాడిన పూలు, మాంసం కొట్ల వ్యర్థాలు ఇందులో చేరుతవి. ఇవి గాలి తగిలే చోట ఉంటే కొద్ది వారాలలో ఎరువుగా మారతవి. అవే పదార్థాలు ప్లాస్టిక్ సంచులలో బిగిసి, గుట్ట అడుగున గాలి సోకని చోట పడితే వేరొక విధంగా కుళ్లుతవి. అప్పుడు మీథేన్ వాయువు పుడుతుంది. వాతావరణాన్ని వేడెక్కించుటలో ఇది నూరు సంవత్సరాల లెక్కన బొగ్గుపులుసు వాయువు కన్న సుమారు 28 రెట్లు శక్తి గలది. అంతేగాక అది మండే వాయువు. చెత్తగుట్టలు తరచుగా తగులబడుటకు ఇదొక కారణం. ఇక వాననీరు ఈ కుళ్లు గుండా దిగి, బ్యాటరీలలోని సీసాన్ని, రంగులలోని రసాయనాలను కరిగించుకొని, నల్లని ఊటగా అడుగున చేరుతుంది. దీనిని ఇంజనీర్లు లీచెట్ అంటారు. ఇది బావిలోకి దిగితే ఆ బావి నీరు పనికిరాదు, చెరువులోకి చేరితే ఆ చెరువు చేపకూ పశువుకూ దూరమవుతుంది. తడి చెత్త విడిగా ఉంటే అది రైతుకు ఎరువు, పొడి చెత్త విడిగా ఉంటే అది కార్ఖానాకు ముడిసరుకు. రెండూ కలిసినప్పుడు మాత్రమే అవి చుట్టుపక్కల ఊళ్లకు విషమవుతున్నవి.

ఇప్పుడు ఎకరాల లెక్క చూద్దాం. లెక్క మాది, ఎవరైనా వేసి చూడవచ్చును. రోజుకు 7,000 టన్నుల చొప్పున సంవత్సరానికి సుమారు 25 లక్షల 55 వేల టన్నులు. ఈ మొత్తాన్ని ఘనపు మీటరుకు ఒక టన్ను చొప్పున గట్టిగా అణచి, 10 మీటర్ల ఎత్తున పేర్చినామనుకొందాం. అప్పుడు సంవత్సరానికి సుమారు 63 ఎకరాల నేల కావాలి. అంటే మూడు వందల ఎకరాలు ఐదేళ్లకు కూడా రావు. నేడు కొంత భాగం ఎరువుగాను, కొంత భాగం విద్యుత్ కేంద్రానికి ఇంధనంగాను పోతున్నది కాబట్టి అంత నేల నిండడం లేదు. అయినా కలిపిన చెత్త ఎంతటి ఆకలి గలదో ఈ లెక్క తెలుపుతుంది. అదే నగరంలో తడి చెత్త పుట్టినచోటనే ఎరువై, కాగితం, గాజు, లోహం, ప్లాస్టిక్ మళ్లీ కార్ఖానాలకు చేరి, ఏ విధంగానూ పనికిరాని ఐదవ వంతు మాత్రమే యార్డుకు పోయినట్లయితే, సంవత్సరానికి 13 ఎకరాల కన్న తక్కువే సరిపోతుంది. జనాభా రెట్టింపైనా నేటి అవసరంలో సగం నేలతో గడుస్తుంది. కాబట్టి పెరుగుతున్న జనాభాకు తగినట్లు నేల పెంచుట ఒక్కటే మార్గమనే వాదం లెక్కకు నిలువదు.

చట్టం కూడా ఈ మాటే చెప్పినది. ఊళ్లలోని చెత్త దురవస్థపై అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీం కోర్టు తలుపు తట్టగా, ఆ వ్యాజ్యం ఫలితంగా 2000లో మొదటిసారి దేశమంతటికీ వర్తించే పురపాలక ఘనవ్యర్థాల నియమావళి వెలువడినది. 2016లో వెలువడిన నియమావళి మరింత స్పష్టంగా, మళ్లీ వాడుకకు రానివి, కుళ్లనివి, మండనివి అయిన పదార్థాలనే భూమిలో పూడ్చాలని నిర్దేశించినది. నదికి 100 మీటర్లు, చెరువుకు, ఇళ్లకు, తాగునీటి బావికి 200 మీటర్లు, విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల దూరం ఉండాలన్నది. అడుగున గట్టి మట్టి, దానిపై మందపాటి ప్లాస్టిక్ పొర పరచాలని, ఊటను పట్టి శుద్ధి చేయాలని, ఏ రోజు చెత్తను ఆ రోజు మట్టితో కప్పాలని, మూసివేసిన తరువాత కూడా కనీసం 15 సంవత్సరాలు పర్యవేక్షించాలని చెప్పినది. ఈ నియమాల వెలుగులో చూస్తే, తెచ్చిన చెత్తనంతా ఒకచోట కుమ్మరించే స్థలానికీ, శాస్త్రీయంగా నిర్మించిన పూడికస్థలానికీ ఎంత భేదమున్నదో తెలుస్తుంది. చెత్తదిబ్బే వద్దనుట మా వాదం కాదు. ఎంత జాగ్రత్త పడినా ఏదో ఒక శేషం మిగులుతుంది. దానికి సురక్షితమైన చోటు కావాలి. ఆ చోటు శేషానికే గాని సర్వస్వానికి కారాదని మాత్రమే మా వాదం.

మండించి విద్యుత్తు తీస్తున్నాము గదా, ఇక చింత ఎందుకని కొందరు అడుగవచ్చును. తడిసిన కట్టె పొయ్యిలో ఎలా మండుతుందో మన ఇళ్లలో అమ్మలకు బాగా తెలుసు. తడి చెత్త కలిసిన ఇంధనమూ అంతే. తనలోని నీటిని ఆవిరి చేయుటకే వేడిలో కొంత భాగం ఖర్చవుతుంది. మండిన తరువాత బూడిద మిగులుతుంది, దానికీ ఒక చోటు కావాలి. కాబట్టి ఆ విద్యుత్ కేంద్రం సక్రమంగా నడవాలన్నా ఇంటి దగ్గర తడి, పొడి వేరుకావలసిందే.

మరికొందరు కొత్త స్థలాలు వెదకమంటారు. 2025 ఫిబ్రవరిలో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్ వద్ద నగరపు చెత్తకు యార్డు ఏర్పాటు చేయబూనగా, నల్లవల్లి మొదలైన గ్రామాల ప్రజలు రోడ్డెక్కి నిరసన తెలిపారు. వారిని అభివృద్ధి నిరోధకులనుట తేలిక. కానీ వారు అడిగిన ప్రశ్నలో న్యాయమున్నది. నగరపు సౌఖ్యం నగరవాసులకు, నగరపు కుళ్లు మాత్రం పల్లెవాసులకా? మన వాకిలి ఊడ్చి పొరుగువారి వాకిట పోయుట సంస్కారం కాదని చిన్నపిల్లలకు నేర్పుతాము. కోటిమంది కలిసి ఆ పని చేస్తే అది పరిపాలన అవుతుందా? కలిపిన చెత్తను అంగీకరించే గ్రామం నేడు ఎక్కడా లేదు, ఉండనవసరం లేదు కూడా.

ఇక్కడ మన నగర చరిత్రను ఒకసారి స్మరించుట సందర్భోచితం. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన వరద వేలాదిమందిని పొట్టన బెట్టుకొన్నది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని నిజాం ప్రభుత్వం పిలిపించినది. ఆయన వరదను నగరంలో గోడలు కట్టి మాత్రమే ఆపబూనలేదు. ఎగువనే నీటిని నిలిపే జలాశయాలను సూచించినాడు. ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మాణం పూర్తయినది. ఆపదగా వచ్చిన నీరే తరాల తరబడి నగరానికి తాగునీరైనది. నేడు మనమీదికి వస్తున్నది చెత్త వరద. దీనిని కూడా దిగువన జవహర్‌నగర్‌లో గాక, ఎగువన మన వంటింటిలోను, మన బజారులోను ఆపవలసి ఉన్నది. ఆపినచో ఇదీ సంపద కాగలదు.

ఇది కేవలం ఊహ కాదు. 2000 దశకపు తొలి సంవత్సరాలలో, నాటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట పట్టణం మునిసిపల్ కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో వీథి కుండీలను తొలగించి, ఇంటింటి నుండి తడి, పొడి చెత్తను వేరుగా సేకరించి, తడి చెత్తను ఎరువు చేసి, పొడి చెత్తను అమ్మి, దేశం దృష్టిని ఆకర్షించినది. పెద్ద నగరాలలో ఇందౌర్ ఇదే పద్ధతిని పట్టుదలతో అనుసరించి, తన పాత చెత్తగుట్టను తవ్వి వేరుచేసి ఆ నేలను విడిపించుకొన్నది. 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నుల తడి చెత్తతో వాహన ఇంధనం తయారుచేసే కేంద్రం అక్కడ ప్రారంభమైనది. దీనికి భిన్నంగా ఢిల్లీలోని గాజీపూర్ చెత్తగుట్ట 1984లో మొదలై, 2002 నాటికే నిండినదని తేలినా ఇంకా ఎత్తు పెరుగుతూనే పోయి, 2017 సెప్టెంబరులో కొంత భాగం విరిగిపడి ఇద్దరిని బలిగొన్నది. ఈ రెండు దారులలో మన నగరం దేనిని ఎన్నుకొంటుందన్నదే ప్రశ్న.

మన నగరంలోనూ ప్రయత్నం జరిగినది. 2015లో ఇంటింటికీ రెండేసి చొప్పున సుమారు 44 లక్షల చెత్తబుట్టలు పంచిపెట్టే కార్యక్రమం తలపెట్టారు. బుట్టలు మంచివే. కానీ బుట్ట ఇచ్చుటతో అలవాటు రాదు. ఇంటి ఇల్లాలు శ్రమించి వేరుచేసిన రెండు బుట్టలు గుమ్మం ముందు ఒకే బండిలో ఒకటిగా కలిసిపోతే, మరునాడు ఆమె వేరుచేయదు. ఒక్క కడియాన్ని మాత్రమే బిగించి గొలుసు నిలవాలనుకొనుట అవివేకం. ఇల్లు, బండి, ట్రాన్స్‌ఫర్ స్టేషన్, ఎరువుల కేంద్రం వరుసగా అన్నీ సరిగా ఉండాలి.

ఈ గొలుసులో మనం తరచుగా మరచిపోయే మనుషులున్నారు. తెల్లవారకముందే వీథులు ఊడ్చే సఫాయి కార్మికులు, మూడు చక్రాల బండిపై వీథివీథి తిరిగే కబాడీవాలాలు, గుట్టల మీద సీసాలు, ఇనుము ఏరుకొనే స్త్రీలు, పిల్లలు లేకపోతే ఈ నగరం ఏనాడో చెత్తలో మునిగిపోయేది. మనం కలిపినదానిని వారు ఉత్త చేతులతో విడదీస్తున్నారు. పగిలిన గాజు, వాడిన సూది వారి చేతులనే కోస్తున్నవి. ఇంటిలో వేరుచేయుటకు మనకు పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల బద్ధకం మరొకరి ఆరోగ్యాన్ని హరిస్తున్నదని గుర్తించుట విద్యావంతులుగా మన కనీస ధర్మం.

కనుక ప్రభుత్వానికి మేము చేసే సూచనలు ఇవి. యార్డు విస్తరణకు గాని, కొత్త స్థలానికి గాని పూనుకొనే ముందు ఏ ప్రాంతపు తడి చెత్త ఆ ప్రాంతంలోనే ఎరువయ్యే ఏర్పాటు చేయాలి. కూరగాయల మార్కెట్లు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లతో ఈ పని ఆరంభించుట సులభం. ప్రతిదినం యార్డులో ఎంత చెత్త దిగినదో, అందులో ఎంత పూడ్చినారో ప్రజలకు తెలియజేయాలి. యార్డు చుట్టూ నివసించే వారికి శుద్ధమైన తాగునీరు, క్రమంగా వైద్యపరీక్షలు అందించే బాధ్యత చెత్తను పంపే నగరం వహించాలి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. కాబట్టి ప్రభుత్వానికి చెప్పి ఊరుకొనుట మాకు సమ్మతం కాదు. మన కళాశాల పాలక సంఘం వారికి సవినయంగా మూడు విషయాలు విన్నవించుకొంటున్నాము. మొదటిది, తరగతి గదులలోను, ఆఫీసులోను, క్యాంటీనులోను తడి, పొడి చెత్తకు వేరువేరు బుట్టలు పెట్టించి, అవి చివరిదాకా వేరుగానే పోయేటట్లు చూడవలెను. రెండవది, ఆవరణలో ఒక మూల ఎరువుగుంట తవ్వించి, క్యాంటీను వ్యర్థాలను, రాలిన ఆకులను అందులో వేయించవలెను. ఆ ఎరువు మన చెట్లకే ఉపయోగపడుతుంది. మూడవది, కళాశాల వార్షికోత్సవంలో, ఇఫ్తార్ విందులలో, వీడ్కోలు సభలలో థర్మోకోల్ పళ్లేలను మాని, విస్తరాకులనో, కడిగి వాడుకొనే పళ్లేలనో వాడించవలెను. వీటికి పెద్ద నిధులు అవసరం లేదు, పెద్ద మనసు చాలును.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఒకప్పుడు మన పల్లెలలో పెంటకుప్ప ఉండేది గాని చెత్త సమస్య ఉండేది కాదు. ఎండకాలం రాగానే ఆ పెంట బండ్లకెక్కి పొలానికి పోయేది, మరుసటి పంటగా ఇంటికి తిరిగి వచ్చేది. ఆ పెంటలో ప్లాస్టిక్ లేదు, గాజు లేదు. అందుకే అది పొలానికి పనికివచ్చినది. ఆ కాలం తిరిగి రాదు, రావాలని కూడా మేము కోరుట లేదు. అయితే దేనిని దేనితో కలపరాదో ఎరిగిన ఆ రైతు వివేకం మనకు నేటికీ అవసరమే. ఒకే బెంచీపై కూర్చొనే మనలో ఉర్దూ మిత్రులు దానిని సఫాయి అంటారు, తెలుగు మిత్రులు పారిశుద్ధ్యం అంటారు. పేరు ఏదైనా, మన గదిని శుభ్రం చేసి మరొకరి ఊరిని మురికి చేయుట దాని అర్థం కాదు. జవహర్‌నగర్‌కు రేపు పోయే లారీలో మన కళాశాల నుండి ఒక బుట్టెడు తడి చెత్త తగ్గినా, అది ఈ సంవత్సరం మనం సాధించిన మంచి పనులలో ఒకటి కాగలదని మా దృఢ విశ్వాసం.